నాలుగో షెడ్డులో సెల్ఫ్ చప్పుడు

నీళ్ల ఆఫీసు వెనకాల, పెద్ద ట్యాంకు కింద, నాలుగు రేకుల షెడ్లు ఉంటాయి. మొదటి మూడింటి గురించి చెప్పుకోవడానికేం లేదు. నాలుగోదాని గురించి మాత్రం ఆ రోజుల్లో మా వీధి వీధంతా గొంతు తగ్గించి మాట్లాడుకునేది.

అందులో సాయంత్రం పెట్టిన కారు పొద్దున్నకి పెట్టిన చోట ఉండదట.

ఎక్కడికో పోతుందని కాదు... జానెడు ముందుకు జరిగి ఉంటుంది. ఒక్కోసారి మూరెడు. కారు తలుపులు వేసినవి వేసినట్టే ఉంటాయి. తాళంచెవి ఆఫీసు గదిలో బోర్డుకి తగిలించింది తగిలించినట్టే ఉంటుంది.

అర్ధరాత్రి దాటాక ఆ వైపు నుంచి సెల్ఫ్ కొడుతున్న చప్పుడు వినపడేది. గిర్ర్... అని ఒకసారి. కాసేపు ఏమీ ఉండదు. మళ్లీ గిర్ర్ర్... ఇంజను మాత్రం అందుకోదు. ఎవరో బండి తీద్దామని చూసి, తీయలేక, కాస్త ఊపిరి తీసుకుని మళ్లీ చూస్తున్నట్టు.

"పెద్ద డ్రైవరు డ్యూటీకొచ్చాడు" అనుకునేవాళ్లు.

పెద్ద డ్రైవరంటే ఆ ఆఫీసు కారుని పద్దెనిమిదేళ్లు నడిపినాయన. ఒకరోజు తెల్లవారుజామున ఇంజనీరుగారిని పొరుగూరు తీసుకెళ్లాలని వచ్చి, ఆ నాలుగో షెడ్డులోనే, స్టీరింగు మీద తల ఆనించి పడుకున్నట్టుగా పోయాడు. చెయ్యి తాళంచెవి మీదే ఉందట.

ఇదంతా నేను కళ్లారా చూసింది కాదు. నాది వెల్డింగు షాపు. నా పక్క షాపు సెల్ఫక్కది. జరిగింది ఆవిడకి. ఆవిడ నాకు చెప్పిందే మీకు చెప్తున్నాను.

సెల్ఫక్క అసలు పేరు మా వీధిలో సగం మందికి తెలీదు. కార్ల సెల్ఫ్ మోటార్లు బాగు చేస్తుంది కాబట్టి సెల్ఫక్క, అంతే. భర్త నేర్పిన పని. ఆయన పోయాక షట్టరు దించకుండా తనే నడుపుకొస్తోంది. ఇద్దరు ఆడపిల్లలు, బడికెళ్తారు. ఆవిడ తమ్ముడు కూడా వాళ్లతోనే ఉంటాడు.

అక్కది చెవితో చేసే పని. బండి షాపు ముందు ఆగగానే బానెట్ ఎత్తదు. "ఏదీ, ఒక్కసారి కొట్టండి" అంటుంది. టక్ మని ఒక్క చప్పుడొచ్చి ఆగిపోతే ఒక రోగం. టకటకటక మని కొట్టుకుంటే ఇంకో రోగం — దానికి మోటారు విప్పక్కర్లేదు, బ్యాటరీ టెర్మినళ్లకి పట్టిన పచ్చటి చిలుము గీకి, బిగించి పంపేస్తుంది. మోటారు తిరుగుతున్నా ఇంజను కదలకపోతే పళ్లచక్రం ముందుకి రావట్లేదన్నమాట. పది సెకన్లకి మించి సెల్ఫ్ కొట్టేవాళ్లని చూస్తే ఆవిడకి ఒళ్లు మంట. "అది ఇంజన్ని నిద్ర లేపడానికే అండీ. బండిని ఈడ్చుకెళ్లడానికి కాదు" అనేది.

తన చెయ్యి పడ్డ సెల్ఫ్ మళ్లీ షాపు గుమ్మం తొక్కదని ఆవిడకి కాస్త గర్వం ఉండేది. నిజంగానే తొక్కేవి కావు.

పెద్ద డ్రైవరు పోయాక ఆ కారు నెల్లాళ్లు కదలకుండా పడి ఉంది. తీరా తీయబోతే సెల్ఫ్ పట్టలేదు. అక్క దగ్గరికే తెచ్చారు. మోటారులో అరిగిపోయిన కార్బన్ ముక్కలు మార్చి, లోపల మసి తుడిచి, వైర్లు సరిచూసి బిగించి ఇచ్చింది. అదే నెలలో ఆవిడ తమ్ముడిని ఆ కారు మీద కొత్త డ్రైవరుగా వేసుకున్నారు.

రాత్రుళ్లు చప్పుడు మొదలైంది ఆ తర్వాతే. తన సీట్లో ఇంకొకడు కూర్చోవడం పెద్ద డ్రైవరుకి నచ్చలేదన్నారు జనం.

అక్క నవ్వేసింది. నవ్వు ఎన్నాళ్లో సాగలేదు.

ఒకరోజు పొద్దున్నే ఊడ్చేవాళ్లు వెళ్లేసరికి, వాచ్‌మన్ బాబాయి నాలుగో షెడ్డులో ఉన్నాడు. కారు బంపరుకీ గోడకీ మధ్య. స్పృహ ఉంది, మాట లేదు. కుడికాలు తొడ దగ్గర రెండు చోట్ల విరిగింది.

ట్యాంకులోకి వచ్చే నీళ్లు ఆపే చక్రం ఆ షెడ్డు లోపలి గోడకే ఉంది. ట్యాంకు నిండాక దాన్ని తిప్పడం ఆయన పని. అందుకే వెళ్లాడు. అక్కడిదాకా అందరికీ అర్థమైంది. ఆగి ఉన్న కారు ఆయన మీదికి ఎలా వచ్చిందన్నదే...

దెయ్యమన్నవాళ్లు దెయ్యమన్నారు. ఇంజనీరుగారు మాత్రం అలాంటివి నమ్మే మనిషి కాదు. తమ్ముడిని గదిలోకి పిలిచి తలుపు వేశారు.

"బండి గేర్లో ఎందుకుంది?"

"హ్యాండ్‌బ్రేకు పట్టట్లేదు సార్. అందుకే రోజూ ఫస్ట్ గేర్లో వేసి ఆపుతున్నాను. బాగు చేయించమని రాసిచ్చాను కూడా."

"ఇంకో తాళంచెవి ఎవరి దగ్గరుంది?"

"నాకు తెలీదు సార్."

"రాత్రి ఎక్కడున్నావ్?"

"ఇంట్లో."

వారం ముందే తమ్ముడికీ బాబాయికీ గేటు దగ్గర మాటా మాటా పెరిగింది. ఆదివారం ఆఫీసు కారుని సొంత పనికి తిప్పాడని బాబాయి పైవాళ్లకి చెప్పాడు. "సరే, చూసుకుందాం" అన్నాడు తమ్ముడు. కోపంలో అందరం అనే మాటే. కానీ ఆ మాట పది మంది విన్నారు.

విచారణ తేలేదాకా ఆఫీసు గుమ్మం ఎక్కొద్దన్నారు. పోలీసులొచ్చి రాసుకుని, మళ్లీ వస్తామని వెళ్లారు.

అక్క ఆసుపత్రికి వెళ్లింది. బాబాయి కాలికి బరువు కట్టి పైకి వేలాడదీశారు. ఆవిడని చూడగానే మొహం తిప్పుకున్నాడు. పక్క మంచం వాళ్లకి వినపడకుండా అన్నాడు.

"సీట్లో ఎవరూ లేరమ్మా."

"చీకట్లో మీకు కనపడలేదేమో బాబాయ్."

"టార్చి వేసి ఉంది. అద్దంలోంచి చూశాను. ఖాళీ సీటు... సెల్ఫ్ మాత్రం కొడుతోంది. కొడుతూ కొడుతూ, గెంతుకుంటూ నా మీదికొచ్చింది."

కళ్లు మూసుకున్నాడు. ఏదో దాస్తున్నాడని అక్కకి అనిపించింది. దాచేది తమ్ముడి పేరేనని కూడా అనిపించింది.

ఇక్కడ అక్క నాతో ఒక మాట ఒప్పుకుంది. ఆ రోజు ఆసుపత్రి మెట్లు దిగుతూ ఆవిడ ఆ కారుని ఒక్క క్షణం కూడా అనుమానించలేదట. "నేను చేసిన సెల్ఫ్ అది. దానంతటది ఎందుకు తిరుగుతుంది? తాళం తిప్పితే కాస్తంత కరెంటు రిలేకి వెళ్లాలి. రిలే టక్ మంటే అసలు కరెంటు మోటారుకి వెళ్లాలి. అప్పుడే పళ్లచక్రం ముందుకొచ్చి ఇంజన్ని తిప్పుతుంది. తాళం తిప్పే చెయ్యి లేకుండా ఇదంతా జరగదు అనుకున్నాను. చెయ్యి ఉందీ అంటే... ఎవరిదా చెయ్యి అని ఆలోచించడం మొదలుపెట్టాను."

ఆలోచించిన కొద్దీ ఒకే చోటికి వచ్చి ఆగేది.

తమ్ముడు రాత్రుళ్లు బయటికి వెళ్తున్నాడు.

ముందు ఆవిడకి తెలియలేదు. ఒకరోజు మంచినీళ్లకి లేస్తే చాప ఖాళీగా ఉంది. నాలుగున్నరకి వచ్చి పడుకున్నాడు. పొద్దున్న గుమ్మం దగ్గర వాడి చెప్పులు తడిసి ఉన్నాయి. వాన చుక్క లేదు ఊళ్లో.

"ఎక్కడికెళ్లావురా?"

"నిద్ర పట్టక అలా నడిచొచ్చాను."

మర్నాడూ అంతే. ఆ మర్నాడూ అంతే. అంతకుముందే ఒక మధ్యాహ్నం ఆవిడ భోజనం చేసి వచ్చేసరికి వాడు షాపులో ఉన్నాడు. కిరసనాయిల్లో నానేసిన సామాన్ల డబ్బాలో చెయ్యి పెట్టి ఏదో వెతుకుతున్నాడు. ఆవిడని చూసి చెయ్యి బయటికి తీసి, గుడ్డకి తుడుచుకున్నాడు.

"ఏం కావాలి?"

"ఏం లేదక్కా."

వాడు పుట్టినప్పటి నుంచీ వాడిని ఎత్తుకు తిరిగిన మనిషి ఆవిడ. వాడు ఎప్పుడు అబద్ధమాడుతున్నాడో ఆవిడ చెవికే తెలిసిపోతుంది.

ఇంకోపక్క వీధిలో కబురు మారింది. సెల్ఫ్ చప్పుడు ఆగిపోయిందట. దానికి బదులు... కారు బానెట్ దానంతటదే లేస్తోందట. బాబాయి చోట్లోకి వచ్చిన కొత్త వాచ్‌మన్ ఒకరాత్రి గేటు దగ్గర నుంచి చూశాడు. దీపం లేదు, మనిషి లేడు, ఆ నల్లటి షెడ్డులో తెల్లటి బానెట్ నెమ్మదిగా పైకి లేచి, కాసేపు అలా నిలబడి, మళ్లీ మూసుకుంది. అప్పటి నుంచి అతను రాత్రంతా గేటు గదిలో గొళ్లెం పెట్టుకుని కూర్చుంటున్నాడు.

సోమవారం పెద్దాఫీసు నుంచి మనిషి వచ్చి కారుని పరీక్ష చేస్తాడని తెలిసింది. ఆదివారం రాత్రి అక్క పడుకోలేదు. కళ్లు మూసుకుని, ఊపిరి సమంగా తీస్తూ, నిద్రపోతున్నట్టు పడుకుంది.

రెండు కాకముందే వాడు లేచాడు. తలుపు చప్పుడు కాకుండా గడియ తీశాడు.

పిల్లల మీద దుప్పటి సర్ది, బయట నుంచి తాళం వేసి, అక్క వెనకాలే నడిచింది.

వాడు మెయిన్ రోడ్డు వదిలి సందులో పడ్డాడు. మందుల షాపు దాటాడు. ప్రెస్సు దాటాడు. నీళ్ల ఆఫీసు గోడ మలుపు తిరిగాడు... అంతే. ఆవిడ మలుపు తిరిగేసరికి మనిషి లేడు.

గోడకి ఒక చోట రాళ్లు ఊడిపోయి మనిషి దూరేంత సందు ఉంది. అక్క అందులోంచి లోపలికి దిగింది.

లోపల చీకటి. ట్యాంకు నిండి పైనుంచి పొర్లుతోంది. గాలి అటు వీచినప్పుడల్లా నీళ్లు వచ్చి షెడ్ల రేకుల మీద పడుతున్నాయి. టప్... టప్... ఒక్కోసారి జల్లుమని. కాళ్ల కింద బురద.

ఆవిడ మూడో షెడ్డు గోడ పట్టుకుని నిలబడింది. నాలుగో షెడ్డులో కారు వెనకభాగం తెల్లగా కనపడుతోంది. లోపల సీటు... ఖాళీ.

అంతలో బానెట్ లేచింది.

చప్పుడు లేదు. దీపం లేదు. కొత్త వాచ్‌మన్ చెప్పినట్టే, నెమ్మదిగా, ఎవరో పడుకున్నవాడు తల ఎత్తినట్టు. అక్కకి పెద్ద డ్రైవరు మొహం గుర్తొచ్చింది. సెల్ఫ్ విప్పుతున్నంతసేపూ ఆయన సీటు మీద ఆయన తువ్వాలు ఇంకా అలాగే మడతపెట్టి ఉండటం గుర్తొచ్చింది.

అప్పుడు చిన్న చప్పుడు వినపడింది. ఇనుము మీద ఇనుము. కిర్ర్... కిర్ర్...

ఆ చప్పుడు ఆవిడకి తెలుసు. బ్యాటరీ టెర్మినల్ నట్టు మీద పది నెంబరు స్పానరు తిరిగే చప్పుడు.

దెయ్యానికి పది నెంబరు స్పానరుతో పనేమిటి?

దెయ్యం భయం పోయింది. దానికన్నా పెద్ద భయం వచ్చింది. తెల్లారితే పరీక్ష. ఈ రాత్రి బానెట్ ఎత్తి సామాన్లు కదుపుతున్నాడంటే... చేసింది వాడే. చేసిన పని ఆనవాళ్లు లేకుండా చేసుకుంటున్నాడు.

ఆవిడ కారు పక్క నుంచి ముందుకు నడిచి, వాడి మొహం మీద టార్చి వేసింది.

తమ్ముడు. కారుకీ గోడకీ మధ్య, ఇంజను మీదికి వంగి ఉన్నాడు. ఆవిడని చూసి ఉలిక్కిపడలేదు. ఎప్పటికైనా వస్తుందని తెలిసినవాడిలా చూశాడు.

"లైటు ఆర్పక్కా" అన్నాడు గుసగుసగా.

"ఏం చేస్తున్నావ్?"

"చెప్తాను. ముందు ఇంటికెళ్లు."

"తెల్లారేలోపు మాయం చేద్దామనా? ఆ ముసలాయన కాలు విరగ్గొట్టి... నా తమ్ముడివేనట్రా నువ్వు?"

వాడి స్పానరు నట్టు మీదే ఉంది. నట్టు సగమే వదులైంది.

అక్క టార్చి ఇంజను మీదికి తిప్పింది. వాడు దేన్ని కదిపాడో చూద్దామని. బ్యాటరీ పక్కన, పక్క రేకుకి బిగించిన రిలేల దగ్గర, ఏదో తళతళలాడింది. పాలిథిన్ కవరు. సెల్ఫ్ రిలేకి పాలిథిన్ కవరు చుట్టి దారంతో కట్టారు. ఒక మూల చిరిగింది. పై రేకులో కంతలోంచి చుక్క తర్వాత చుక్క సరిగ్గా అక్కడే పడుతోంది. కవరు నీళ్లని ఆపకపోగా సంచిలా లోపల పట్టి ఉంచింది.

"ఇదెవరు కట్టారు?" అంది.

వాడు జవాబు చెప్పేలోపు... టక్.

ఆ ఒక్క చప్పుడుకి అర్థం ప్రపంచంలో అందరికన్నా ముందు తెలిసేది ఆవిడకే.

గిర్ర్ర్ర్...

సీటు ఖాళీ. తాళం లేదు. కారు ఒక్క గెంతు గెంతింది. తమ్ముడు వెనక్కి పడబోయి గోడకి ఆనుకున్నాడు. ఇంకో గెంతు. బంపరు వాడి మోకాళ్లకి తగిలింది. వాడు రెండు చేతులూ పెట్టి తోస్తున్నాడు. మనిషి తోస్తే ఆగేదా అది. గేర్లో ఉన్న బండిని సెల్ఫ్ మోటారు ఒక్కటే జానెడు జానెడు ముందుకి ఈడ్చేస్తుంది.

"అక్కా" అన్నాడు. గట్టిగా కూడా అనలేదు.

అక్క తాళం కోసం చూడలేదు. తలుపు వైపు వెళ్లలేదు. టార్చి వదిలేసి, పక్క నుంచి వంగి, వాడు సగం వదులు చేసిన బ్యాటరీ ఎర్త్ వైరు పట్టుకుని ఒక్క లాగు లాగింది. రాలేదు. కాలు టైరుకి తన్నిపెట్టి రెండోసారి లాగింది. నీలంగా మెరుపు వచ్చింది. అరచెయ్యి కాలిన వాసన.

చప్పుడు ఆగింది.

నీళ్ల చుక్కలు రేకు మీద పడుతున్న చప్పుడొక్కటే మిగిలింది.

అక్క గేరు తీసింది. ఇద్దరూ బండిని వెనక్కి తోశారు. చక్రాల కింద రాళ్లు పెట్టారు. వాడి మోకాళ్లు దోక్కుపోయాయి, అంతే. అక్క కింద పడ్డ టార్చి తీసుకుని, పాలిథిన్ విప్పి, రిలేని చూసింది. లోపలంతా తుప్పు, ఉప్పు పేరుకున్నట్టు తెల్లటి పొర. తాళం తిప్పే చెయ్యి చేయాల్సిన పని ఆ తడే చేసేస్తోంది. గాలి వాటంగా నీళ్లు పడ్డ రాత్రుళ్లలో చప్పుడు, కాస్త జరగడం. పడని రాత్రుళ్లలో ఏమీ లేదు.

ఆవిడకి ఒళ్లంతా కోపం వచ్చింది. ఎవరి మీదో తెలియని కోపం.

"దీని మీద మూత ఉండాలి. రబ్బరు మూత. అది ఉంటే చుక్క నీళ్లు దిగవు. ఎవడు తీశాడురా దాన్ని? తీసినవాడు మళ్లీ పెట్టకుండా ఎవడు వదిలేశాడు?"

తమ్ముడు తల దించుకున్నాడు.

"చెప్పు. ఎవడో నీకు తెలుసు."

వాడు చొక్కా జేబులోంచి ఏదో తీసి ఆవిడ కాలిన చేతిలో కాకుండా రెండో చేతిలో పెట్టాడు. నల్లటి రబ్బరు మూత. దానికి కిరసనాయిలు వాసన. ఒకవైపు పట్టి విరిగి ఉంది.

అక్క దాన్ని టార్చి వెలుగులో చూసింది. చాలాసేపు చూసింది.

ఆ పట్టి విరిగింది ఆవిడ చేతిలోనే. ఆ రోజు కారు ఇచ్చేయాల్సిన తొందర. మూత కూర్చోకపోతే, రేపు కొత్తది తెచ్చి పెడదాంలే అని తీసి డబ్బాలో వేసింది. అంతలో బడి నుంచి ఫోను వచ్చింది, చిన్నదానికి జ్వరమని. పరిగెత్తింది. ఆ రేపు మళ్లీ రాలేదు.

"నువ్వు ఎప్పుడు చూశావ్?" అని అడిగింది.

"బాబాయిని తీసుకెళ్లాక బానెట్ ఎత్తి చూశాను. రిలే తడిసి ఉంది, మూత లేదు. నీ డబ్బాలో వెతికితే దొరికింది. పెట్టబోతే నిలబడలేదు. కవరు కట్టాను. అదీ నమ్మకం లేక, రోజూ రాత్రి ట్యాంకు నిండే వేళకి వచ్చి ఈ వైరు తీసేసి, తెల్లారకముందే మళ్లీ పెట్టి పోతున్నాను. పగలు వేరే డ్రైవరు తీసుకెళ్తాడు కదా... వాడికి తెలియకూడదని."

"ఆ కొత్త వాచ్‌మన్‌కి ఏమన్నా అయ్యుంటే? ఒక్కరోజు నువ్వు రాలేకపోయుంటే?"

"అందుకే ఒక్కరోజు కూడా మానలేదు."

"నాతో ఒక్క మాట చెప్తే పోయేది కదరా."

"చెప్తే తెల్లారేలోపు ఆఫీసు మెట్లెక్కుతావు. నా ఉద్యోగం పోతే ఇంకోటి చూసుకుంటాను. నీ చేతి మీద నమ్మకం పోతే... పిల్లలు ఎలా అక్కా?"

అక్క ఎర్త్ వైరు విడిగానే వదిలేసి, బానెట్ మూసింది.

తెల్లారింది. ఆవిడ నిజంగానే ఆఫీసు మెట్లెక్కింది. చేతికి గుడ్డ చుట్టుకుని, మూత పట్టుకుని. ఇంజనీరుగారూ, పరీక్షకి వచ్చినాయనా ఇద్దరూ ఉండగా, గేరు తీయించి, చక్రాలకి అడ్డం పెట్టించి, వైరు తగిలించి, రిలే మీద గ్లాసుతో నాలుగు చుక్కలు పోసింది. మొదటిసారి ఏమీ కాలేదు. ఇద్దరూ మొహమొహాలు చూసుకున్నారు. ఇంకో నాలుగు చుక్కలు పోసింది.

టక్. ఖాళీ సీటు ముందు ఇంజను గిర్రున తిరిగింది.

ఇంజనీరుగారు రెండడుగులు వెనక్కి వేశారు. వైరు తీశాక దగ్గరికొచ్చారు.

"ఇది నీ షాపు మీదికే వస్తుందమ్మా. తెలుసు కదా?" అన్నారు.

"తెలుసండి. నింద మా వాడి మీద నుంచి దిగాలి కదా."

అక్కడి నుంచి ఆసుపత్రికి. ఈసారి తమ్ముడు కూడా వెంట ఉన్నాడు, గుమ్మం బయటే నిలబడ్డాడు. అక్క మంచం పక్కన స్టూలు మీద కూర్చుని, ఉన్నదున్నట్టు చెప్పింది. మూత దగ్గర నుంచి జ్వరం దాకా. క్షమించమని కూడా అడగలేదట. అడిగే హక్కు ఉందనిపించలేదట.

వాచ్‌మన్ బాబాయి పైకప్పు వైపు చూస్తూ విన్నాడు.

"ఆ రాత్రి ట్యాంకు ఎంతసేపు పొర్లిందో నన్నెవరూ అడగలేదు" అన్నాడు చివరికి.

అక్కకి అర్థం కాలేదు.

"రోజూ నిండగానే కట్టేస్తాను. మహా అయితే ఐదు నిమిషాలు. ఆ రోజు నిద్రపోయాను తల్లీ. గంట పైన పొర్లింది. షెడ్డంతా నదిలా ఉంది. తెలిస్తే ఉద్యోగం ఉంచరని..." ఆగాడు. "పోలీసులు మీవాడి పేరు ఎత్తినప్పుడల్లా నేను నోరు మూసుకున్నాను. అనుమానం వాడి మీద ఉన్నంతసేపూ నా నిద్ర సంగతి ఎవరికీ పట్టదు కదా. వాడిని లోపలికి రమ్మను."

వాడు లోపలికి వచ్చి మంచం చివర నిలబడ్డాడు. ఇద్దరూ ఒకరినొకరు చూసుకున్నారు. "దురద పెడుతోందిరా, ఆ పాదం కాస్త గీకు. నాకు అందదు" అన్నాడు బాబాయి. వాడు గీకాడు. ఆ గేటు దగ్గరి గొడవ అలా ముగిసింది.

తర్వాత సంగతులు మామూలే. ఇరవై రోజులకి తమ్ముడిని మళ్లీ డ్యూటీలోకి తీసుకున్నారు. హ్యాండ్‌బ్రేకు బాగు చేయించారు, రేకులు మార్చారు. బాబాయి కర్ర పట్టుకుని పగటి గేటుకి వచ్చాడు. అక్క షాపుకి కొన్నాళ్లు బేరాలు తగ్గాయి. ఆవిడ ఆ ఖాళీలో కూర్చోలేదు. గత రెండేళ్లలో తన చెయ్యి పడ్డ బండ్లన్నిటికీ ఫోను చేసి పిలిపించి, ఒక్కొక్కదాని బానెట్ ఎత్తి, ప్రతి మూతా కదిపి చూసింది. అన్నీ ఉన్నాయి. ఆ మాట ఎవరి దగ్గరా గొప్పగా చెప్పుకోలేదు.

ఆసుపత్రి నుంచి వచ్చిన ఆ రాత్రి సంగతి మాత్రం ఆవిడ చాన్నాళ్లకి చెప్పింది నాకు. పిల్లలు తినేసి పడుకున్నారు. వాడు కంచం ముందు కూర్చున్నాడు. ఆవిడ కాలిన చేతిని ఒళ్లో పెట్టుకుని, ఎడమచేత్తో వడ్డిస్తోంది.

"ఒక మాట చెప్పాలిరా" అంది. "నువ్వే చేశావనుకున్నాను. నిన్న రాత్రి టార్చి వేసేదాకా, వేశాక కూడా, అదే అనుకున్నాను."

"తెలుసక్కా."

"ఎలా తెలుసు?"

వాడు అన్నం కలుపుతూనే ఉన్నాడు.

"వడ్డించేటప్పుడు నా మొహం చూడటం మానేశావు కదా. పది రోజులైంది."

అక్క గరిటె గిన్నెలో పెట్టేసింది. వాడి ఎదురుగా నేల మీద కూర్చుని, వాడు తినడం అయ్యేదాకా వాడి మొహమే చూస్తూ కూర్చుందట.